ఇరవై నెమళ్ళ తలలు తీసిన చిటికెన వేలు

నా చిటికెన వేలు చూస్తే మీకు జాలేస్తుంది. ఈ వేలే ధర్మవరంలో ఒక సాయంత్రం ఇరవై నెమళ్ళ తలలు తీసింది. రక్తం చుక్క రాలలేదు గానీ, మా బామ్మర్ది కన్నీళ్ళతో బిందె నిండింది. సరే, బిందె కాదు, చెంబు.

అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. పసితనం. పట్టుచీరల డిజైన్లు గళ్ళకాగితం మీద గీసేవాణ్ణి. బామ్మర్ది ఓబులేసు ఆ పనిని కంప్యూటరుకెక్కించాడు. హిందూపురం పెళ్ళికూతురి చీర కొంగుకు పది రోజులు కూర్చుని నెమళ్ళు గీశాడు. ఆఖరి రోజు తలలు పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం పెళ్ళికూతురి తల్లి వచ్చి చూస్తుంది. నచ్చకపోతే చీర ఇంకొకరి మగ్గానికి పోతుంది.

పెనుకొండ బస్సుకు టైమవుతోందని ఓబులేసు షట్‌డౌన్ నొక్కి లేచాడు. "బావా, తెర నల్లబడినంక స్విచ్చి ఆపు. అంతదాకా ముట్టుకోవద్దు."

తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. లేపాక్షి బసవన్న చుట్టూ జనం తిరిగినట్టు తిరుగుతూనే ఉన్నాయి. నా గళ్ళకాగితం చుట్టి గొట్టంలో పెట్టాలంటే తుమ్మినంత సేపు. దీనికింత నీలుగుడేమిటండీ? చిటికెన వేలితో స్విచ్చి నొక్కేశాను.

పొద్దున ఓబులేసు ఆన్ చేస్తే అది మామూలుగా లేవలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుస్తూ, దొంగలు పడిన ఇంట్లో బీరువా వెతుక్కునే ఇల్లాలిలా డిస్కంతా ముప్పావుగంట తడుముకుంది. నిన్నటి ఫైలు తెరుచుకోలేదు. మొన్నటిది దొరికింది. అందులో నెమళ్ళున్నాయి, తలల్లేవు.

కరెంటు పోయిందన్నాను. అంతటితో ఊరుకున్నానా? వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు నుంచి నిప్పులు రాలాయని కూడా చెప్పాను.

వంటింట్లోంచి మా ఆవిడ పలికింది. "కరెంటు యాడ పోయింది? నిన్న ఆ యాళకు నేను మిక్సీలో చట్నీ ఆడిస్తా ఉంటినే."

మీ దగ్గర దాపరికమెందుకు, ఆ నిప్పులు నేను రాల్చినవే.

ఓబులేసు అరవలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. అరిచినా బాగుండేది. "సేవ్ కొట్టినంత మాత్రాన పనంతా డిస్కులోకి పోదు బావా. కొంత చేతిలోనే పట్టుకోనుంటాది. ఆపేటప్పుడు అదంతా పెట్టెలో సర్దుకుంటాది. అది సర్దుతాండంగానే నువ్వు మూతేసినావు."

"ఇప్పుడేం చేద్దామప్పా?"

"చేసేదేముండాది. పెన్సిలు పట్టు."

మొండెం నెమళ్ళను ప్రింటు తీసి ముందు పెట్టాడు. మధ్యాహ్నం లోపు ఇరవై తలలూ చేత్తో గీశాను. పెళ్ళికూతురి తల్లి వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుంది. కాగితం చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కాగితం చూసింది. పొగుడుతుందని నేను ఛాతీ విరుచుకున్నాను.

"అన్నిటికీ ఈయన ముక్కే ఉండాదేమప్పా?" అని ఓబులేసును అడిగింది.

నేను చప్పున ముక్కును చేత్తో కప్పుకున్నాను.

"ఉండనీలే. మా వియ్యంకుని ముక్కూ ఇట్లే ఉంటాది. సంతోషపడతాడు."

చీర మా మగ్గం మీదే నేశారు. ఆ మగ్గం మీద చెయ్యేసి ప్రమాణం చేశాను, ఒకరు చెప్పనిదే ఈ జన్మలో ఏ స్విచ్చీ ముట్టనని. ఈనాటికీ ఫ్యాను ఆపాలంటే, ఇదేమైనా సర్దుకుంటాందేమో చూడమని మా ఆవిణ్ణి అడుగుతాను. ఆమె ఇంతవరకు జవాబివ్వలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.