ముసాఫిర్‌కు మాఫీ

ఆయన టోపీ తీసి జేబులో పెట్టుకోవడమే నాకు ముందు గుర్తొస్తుంది. రంజాన్ నెల. దేవరకొండ నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సులో కాలు కదిపే జాగా లేదు. నా పక్కనున్న ఆ ముసలాయన గోలీ మింగి, జొన్నరొట్టె విప్పాడు.

నేను చూస్తుంటే తనే చెప్పాడు. "షుగర్, బేటా. రోజా ఉపాసముంటే కండ్లు తిరుగుతున్నయ్. ప్రయాణంల ఉన్న ముసాఫిర్‌కు రోజా మాఫీ. గందుకే దినాం తెల్లారకముందే ఇల్లిడుస్త."

"బీమారున్నోళ్లకు గూడ మాఫీయే గద, చాచా?"

"మాఫీయే. కని బీమారని ఇంట్ల చెప్పాలె గద!"

మహబూబ్‌నగర్‌లో దిగి, ఆయన తిరుగు బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు.

నా జేబులోనూ షుగర్ గోలీలే ఉన్నాయి. ఇంట్లో మాత్రం గ్యాసు గోలీలని చెప్పాను.