మెలి పడని గుండె

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో రాసుకోవడం తప్ప. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి ఆ బిడ్డ పాదానికి చుట్టిన ప్రోబ్ విప్పి నా వేలికి చుట్టుకున్నాను. మిషన్ చెడిపోయి ఉండాలని కోరుకున్నాను. నాకు తొంభై తొమ్మిది చూపించింది. బిడ్డకు డెబ్బై రెండు.

2023 వేసవి. భద్రాచలంలో ఒక దవాఖానాలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా నాకది మొదటి ఏడాది. ఆ మిషన్, పల్స్ ఆక్సిమీటర్‌తో, పుట్టిన ప్రతి బిడ్డనూ చూస్తాం. వీడు మూడు కిలోల పైన ఉన్నాడు. ఆయాసం లేదు, పాలు బాగానే తాగాడు. పెదవులు మాత్రం నేరేడు పండు తిన్నట్టున్నాయి. డాక్టర్ గారు ఎకో, అంటే గుండెకు తీసే స్కాన్, చూసి ట్రాన్స్‌పొజిషన్ అన్నారు. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి అమరాయి. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం మళ్లీ అక్కడికే పోతోంది. కడుపులో ఉన్నప్పుడు తెరిచి ఉండే చిన్న దారి ఇంకా మూసుకోలేదు కాబట్టి బతికి ఉన్నాడు. అది మూసుకోకుండా సిరంజి పంపుతో మందు ఎక్కిస్తూ హైదరాబాద్ చేర్చాలి.

అంబులెన్స్ వచ్చింది. బిడ్డ నాయనమ్మ రాజమ్మ వార్డు తలుపుకు అడ్డంగా కూర్చుంది. వాళ్లది గోదావరికి ఇవతల అడవిలో ఊరు. పురుడు తీరకముందు పసిబిడ్డ గంగ దాటకూడదని వాళ్లింటి కట్టుబాటు. వంతెన దాటకుండా హైదరాబాద్ లేదు. కోడలు నెలలు నిండాక కూడా ఎండాకాలంలో బీడీల తునికాకు కోయడానికి పోయిందని, అడవిలో ఏదో సోకిందని, ఊళ్లో మొక్కు చెల్లిస్తే బిడ్డ రంగు తిరుగుతుందని ఆమె వాదన. కోడలు జ్యోతి గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు తల్లి ముఖమే చూస్తున్నాడు.

డాక్టర్ గారు చెప్పి చెప్పి, హైదరాబాద్‌కు ఫోన్ చేయడానికి వెళ్లారు. నలుగురిలో నోరు విప్పని నేను మిగిలాను. వెళ్లి రాజమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను.

“అవ్వా, నువ్వు తాడు పేనుతవా?”

“పేనకపోతే ఎడ్లను దేనితోని కట్టాలె? గిప్పుడు తాడు ముచ్చటేంది?”

గుండె మొదట ఒక్క గొట్టమేనని, అది వంగి గదులవుతుందని, పైభాగంలో ఒక గోడ తాడు పురిలా మెలి తిరుగుతూ దిగి రెండు నాళాలను వేరు చేస్తుందని చెప్పాను. వీడికి ఆ మెలి పడలేదు, గోడ నిటారుగా దిగింది. ఎందుకో చాలాసార్లు డాక్టర్లకూ తెలియదు.

“గది ఏ నెలల?”

“రెండో నెల నిండకముందే అయిపోతదవ్వా. అప్పటికి తునికి చెట్టు చిగురే వెయ్యలే.”

రాజమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. “నెల తప్పిందని అప్పటికి మాకే సరిగ తెల్వదు గద” అంది మెల్లగా.

ఇదంతా చదివి పరీక్ష రాసినదాన్నే. అయినా ఆ మాట ఆమె నోట వినగానే నాకే కొత్తగా తెలిసినట్టనిపించింది. ఇంట్లో ఎవరికీ తెలియకముందే, చింతగింజంత పిండంలో, అంతా జరిగిపోయింది. జ్యోతి ఇటు తిరిగింది. చప్పుడు లేకుండా ఏడుస్తోంది. రాజమ్మ లేచి, కోడలి తల మీద ఒకసారి చెయ్యి వేసి, అందరికంటే ముందు అంబులెన్స్ ఎక్కింది.

ఆపరేషన్‌లో నాళాలు మార్చారని, బిడ్డ తేరుకున్నాడని తర్వాత డాక్టర్ గారి ద్వారా తెలిసింది. జబ్బు పేరు చెబితే సరిపోదని, అది ఎప్పుడు మొదలైందో కూడా ఇంటివాళ్లకు చెప్పాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఇలాంటి బిడ్డను కన్న ప్రతి తల్లికీ ముందు అదే చెబుతాను.

ఆ రోజు హైదరాబాద్ దాకా నేనే తోడు వెళ్లాను. వంతెన ఎక్కాక కింద నీళ్లు కనిపించాయి. పంపు పట్టుకుని నేను ఆ నీళ్లకేసే చూడటం రాజమ్మ గమనించింది. అప్పుడొక మాట అంది.

“గంగమ్మ ఏమన్న అడిగితే నేను చెప్పుకుంట బిడ్డా. నువ్వు ఆ మందు ఆగకుంట చూడు.”