మా ఇంటి సంతకం

ఆ రోజుల్లో నా నడుము వంగేది కాదు. (ఇప్పుడు వంగితే లేవదు, అది వేరే సంగతి.) అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో రెండో అంతస్తు అపార్ట్‌మెంటులో అద్దెకుంటూ, మేనేజరు చెప్పిన ప్రోగ్రాములు రాసుకునేవాణ్నే అయినా, లోలోపల నేనొక జమీందారు మనవణ్ని. జమీ పోయింది, దివాణం కూలింది, మాకు మిగిలినవి రెండే: తాతగారి పేరు, తాతగారి ఓటమి. ఆయన జన్మలో ఒకేసారి ఎన్నికల్లో నిలబడ్డారు. పోలింగు రోజున జరీ కండువా వేసుకుని ఓటు వేయడానికి వెళితే, "తమరి ఓటు పడిపోయింది దొరా" అన్నారట అక్కడివాళ్లు. ఆనక డిపాజిట్టూ పోయింది. ఆ దొంగ ఓట్లే లేకపోతే తాతగారు మంత్రి అయ్యేవారని వింటూ పెరిగాను. అందుకే ఇక్కడ టీవీలో ఎవరికో దొంగ ఓటు కేసులో శిక్ష పడిందని చెబితే చాలు, నేను లేచి నిలబడి, "ఒకడు దొరికాడంటే వెయ్యిమంది దొరకలేదని అర్థం. ఇలాగే ప్రభుత్వాలు తారుమారవుతాయి!" అనేవాణ్ని. "ఒకడు దొరికాడంటే ఒకడు దొరికాడని అర్థమండీ" అనేది మా ఆవిడ, పప్పులో తాలింపు వేస్తూ.

పేరు సంగతి చెప్పాలి. మా వంశంలో ప్రతివాడూ పెద్దకొడుక్కి తన తండ్రి పేరే పెడతాడు. అలా నాకూ, మా బాబాయి కొడుక్కీ ఒకటే పేరు వచ్చింది, క్రెడిట్ కార్డు మీద పట్టనంత పొడుగుది. ఇంట్లో నేను పెదబాబుని, వాడు చినబాబు. సంతకం కూడా ఇద్దరం తాతగారిదే దిద్దుకున్నాం, చివర పాము పడగలాంటి మెలికతో సహా. తరవాత మా నాన్నగారూ బాబాయీ తాతగారి పల్లకీ కోసం కోర్టుకెక్కారు. పల్లకీని చెదలు తినేశాక కూడా దావా నడిచింది. ఆ పరువు నిలపడానికి చినబాబూ నేనూ ప్లెయిన్స్‌బరోలో ఒకే కాంప్లెక్సులో ఎదురెదురు బిల్డింగుల్లో ఉంటూ మాటలు మానేశాం. లాండ్రీ రూములో తారసపడితే చెరో డ్రయ్యరు వైపు తిరిగి నిలబడేవాళ్లం.

అమెరికా పౌరసత్వం వచ్చాక నాకదే మొదటి ఎన్నిక. మెడదాకా గుండీలున్న నల్లకోటు తొడుక్కుని, మా ఆవిడతో కలిసి పోలింగు జరిగే దగ్గరి స్కూలు జిమ్ముకి వెళ్లాను. ఆవిడకింకా గ్రీన్ కార్డే, ఓటు లేదు, తమాషా చూడటానికి వచ్చింది. బల్ల వెనక తెల్లజుట్టు పెద్దావిడ కూర్చుంది. నేను పేరు స్పెల్లింగు సగం చెప్పేసరికే, "ఈ పేరు పొద్దున్నే చూశాను, మరిచిపోతానా" అని ఓటర్లు సంతకాలు పెట్టే పెద్ద పుస్తకం తెరిచింది. తెరిచి, "సర్, మీరు ఓటు వేసేశారు" అంది.

నాకు ఆ జిమ్ములో తాతగారి పోలింగు స్టేషను కనిపించింది. "మేడమ్, ఇది దొంగ ఓటు! మా కుటుంబానికి ఇలా జరగడం రెండోసారి. వాడెవడో జైలుకి వెళ్లేదాకా నేను కదలను" అన్నాను, క్యూ అంతా తిరిగి చూసేలా.

"కాస్త మెల్లిగా అండీ. ఇది బాస్కెట్‌బాల్ కోర్టు, దర్బారు కాదు" అంది మా ఆవిడ.

పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "కావాలని చేస్తే అది నేరమే. కొత్తగా సిటిజన్ అయినవాళ్లకి మరీ కష్టం. నేను కౌంటీ ఎన్నికల ఆఫీసుకి ఫోన్ చేసే ముందు ఒక్కసారి చూసి, ఈ సంతకం మీది కాదని చెప్పండి" అంటూ పుస్తకం నా వైపు తిప్పింది.

చూశాను. చివర పాము పడగ. లోకంలో అలా సంతకం చేసే ప్రాణులు ఇద్దరే మిగిలారు. చినబాబుకీ కొత్తగానే సిటిజన్‌షిప్ వచ్చింది, వాడి భార్యకి నెలలు. వాడి చేతికి బేడీలు వేస్తే పేపర్లో వాడి పేరు పడుతుంది. అంటే నా పేరు. అంటే తాతగారి పేరు.

"అది... నా సంతకమే" అన్నాను.

పెద్దావిడ కళ్లజోడు తీసింది. "అంటే మీరు ఇప్పుడు రెండో ఓటు వేయడానికి వచ్చారా?"

ఆ ఒక్క క్షణం నా నడుము వంగింది. నేను కోరిన జైలు నా కోసమే తలుపులు తెరిచింది. మా ఆవిడ అప్పటికే ఫోన్ తీసి, "మరిదిగారూ, అర్జెంటుగా స్కూలుకి రండి. మీ అన్నయ్యగారు మీ బదులు జైలుకి వెళుతున్నారు" అంటోంది. (ఆ నంబరు ఎక్కడిదంటే, తోటికోడళ్లిద్దరూ చాన్నాళ్లుగా గోంగూర పచ్చడి సీసాలు మార్చుకుంటున్నారట. మా దావాలో వాళ్లు పార్టీలు కారు.)

చినబాబు ఇంటి చెప్పులతోనే పరిగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా! ఆవిడ ఇక్కడ సైన్ చెయ్యమంటే చేశాను. పేరు నాదే కదా, బిల్డింగ్ నంబర్ ఎవడు చూస్తాడు?"

పెద్దావిడ పేజీ తిప్పింది. వెనక పేజీ మొదటి గీత మీద అదే పేరు, ఎదురు బిల్డింగు నంబరుతో ఉంది, సంతకం చోటు ఖాళీ. "పొద్దున వేలు పెట్టి చూపించింది నేనే" అని నొసలు కొట్టుకుంది. కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, అది పొరపాటే గాని నేరం కాదన్నారు. నాకో కాగితం బ్యాలెట్టు ఇచ్చి, ఓటు వేయించి కవరులో పెట్టించారు. మా వంశానికి జైలు తప్పింది.

పార్కింగ్ లాట్‌లో చినబాబు ఎన్నో ఏళ్ల తరవాత నా మొహంలోకి చూశాడు. "నా కోసం అబద్ధం ఆడావా?"

"నీ కోసం కాదు, పేరు కోసం."

"పేరు కోసమైతే ఇంకో సంగతి విను. తాతగారి ఓటు ఎవరు వేశారనుకున్నావ్?"

"ఎవరేమిటి, అవతలి పార్టీవాళ్లు."

"మీ నాన్న, మా నాన్న. పోలింగ్ మొదలవగానే మనవాళ్లని పోగేసి ఊళ్లో ఓట్లన్నీ గుద్దించేశారట. ఆ ఊపులో తాతగారిది కూడా గుద్దేశారు. పోయేముందు మా నాన్న చెప్పాడు."

నేను కారుకి ఆనుకున్నాను. "మరి ఎలా ఓడిపోయారురా?"

"మన ఊరు దాటితే ఇంకా చాలా ఊళ్లున్నాయి కదన్నయ్యా!"

ముందు మా ఆవిడ నవ్వింది, తరవాత వాడు. నల్లకోటు గుండీ ఒకటి తెగిపోయేదాకా నేనూ నవ్వాను. మా నాన్నలిద్దరూ కలిసికట్టుగా చేసిన ఆఖరి పని ఆ దొంగ ఓట్లేనట.

ఇప్పుడు చినబాబు టెక్సాస్‌లో ఉంటున్నాడు. టీవీలో దొంగ ఓట్ల గురించి ఎవరైనా గొంతు చించుకుంటే, నడుము నిటారుగా పెట్టుకుని జిమ్ములో అరిచిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి, పాపం అనుకుంటాను. ప్రతి ఎన్నికకీ ఆ జిమ్ముకే వెళతాను. వెనక పేజీ మొదటి గీత మీద ఇప్పుడు ఎవరిదో వేరే పేరుంది. నా గీత మీద పాము పడగ దిద్దుతూ అనుకుంటాను, ఒక్కసారి చినబాబొచ్చి నా ఓటు వేసేసి పోతే బాగుండును.