కాల్చని బొమ్మ

దయ్యాలూ గియ్యాలూ అంటే ఎగతాళి చేసే మనిషిని నేను. పింగాణీ బొమ్మలకు రంగులేసే ఇంట్లో పుట్టాను. ఏ రంగు నిలుస్తుందో, ఏది పోతుందో నాకు తెలుసు. అందుకే ఇది చెప్పడానికి ఇంత తటపటాయింపు.

మాది కదిరి. ఒకప్పుడు పెద్ద భూస్వాముల ఇళ్ళలో, అద్దాల బీరువాల్లో దొరసాని బొమ్మలుండేవి. వాటికి చెరిగిన రంగులు దిద్దుతూ మా తాత ఈ పని పట్టుకున్నాడు. నాయన కాలానికి తెల్ల బొమ్మలు తెప్పించి, వాటి మీద మన చీరలు దిద్దడం మొదలైంది. ధర్మవరం పట్టు వ్యాపారుల ఇళ్ళలో పెళ్ళికూతురి సారెలో మా బొమ్మ ఉండాల్సిందే. ప్లాస్టిక్ వచ్చాక అడిగేవాళ్ళు పోయారు. చివరికి ఈ పనిలో అక్కా నేనూ మిగిలాం.

చీర అంచుకు వేసే బంగారు రంగు పూసినప్పుడు మెరవదు. చిక్కటి చింతపండు రసంలా ఉంటుంది. బట్టీలో కాలిస్తేనే బంగారమవుతుంది. కాల్చకపోతే ఏ రంగైనా తడిగుడ్డకే ఊడొస్తుంది.

కిందటేడు ఆస్పత్రిలో చేరే ముందురోజు అక్క ఒక పెళ్ళికూతురు బొమ్మకు రంగు వేసింది. అందరి సారెలకూ బొమ్మలు చేసిన అక్కకు పెళ్ళి కాలేదు. ఇది మాత్రం తన కోసమే అంది.

ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "బొమ్మను కాల్చురా, మర్సిపోవద్దు" అంది. సరే అన్నాను. అప్పటికే మా కరెంటు బట్టీలో కాయిల్ కాలిపోయింది. బాగు చేయిద్దాంలే అనుకుంటూండగానే అక్క వెళ్ళిపోయింది. ఆ బట్టీని చూడలేక పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. అక్కను ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు గూట్లో పెట్టిన బొమ్మను మళ్ళీ చూసే ధైర్యం రాలేదు.

ఈ ఏడు దసరా బొమ్మల కొలువుకని అమ్మ బొమ్మలన్నీ తీసి కుంకుడు రసంలో కడిగింది. నేను వెళ్ళేసరికి తొట్టిలో అక్క బొమ్మ.

"అయ్యో, అది కాల్చలేదమ్మా!" అని అరిచాను.

నేను సగం రంగు వేసి, కాల్చకుండా వదిలేసిన బొమ్మ కూడా పక్కనే ఉంది. దాని రంగంతా పోయి బోసిగా తెల్లబడింది. అక్క బొమ్మ మీద ఒక్క గీత చెరగలేదు. అంచు బంగారమై మెరుస్తోంది. గోరుతో గీకాను. రాలేదు.

ఎవరికైనా ఇచ్చి కాల్పించావా అని అమ్మను అడిగాను.

"నేనెవరికిస్తానప్పా? ఇది ఈడనే ఉండాది. గూడు ఈ పొద్దే తెరిసినా."

బొమ్మను కొంగుతో తుడిచి చాలాసేపు చూసింది. "నా బిడ్డ కాలినబ్బుడే ఇదీ కాలినాదేమో నాయనా" అంది. ఇద్దరం ఏడ్చాం.

చితి ఊరి బయట. బొమ్మ ఇంట్లో. దాన్ని ఎవరు కాల్చారో నాకిప్పటికీ తెలీదు. అక్క అడిగింది నన్ను. నేను కాల్చలేదు.