గొణుగుడు మాస్టారి కిటికీ

గొణుగుడు మాస్టారు పుట్టుకతో గొణిగే మనిషి కారు. అది వృత్తి ప్రసాదించిన విద్య. దర్జీ పనిలో దిగిన నాటి నుంచి గుండుసూదులు ఆయన పెదవుల మధ్యే కాపురముంటున్నాయి. అవి గొంతులోకి జారకుండా మాట్లాడాలంటే మాటను కురచగా కత్తిరించక తప్పదు. పోనుపోను సూదులు తీసినా మాట పొడవు పెరగలేదు. భోజనం దగ్గరా అదే గొణుగుడు. ఇల్లాలు తనకు తోచింది వడ్డించేది.

వ్యాపారానికి మాత్రం మేలే జరిగింది. ఆయన చెప్పిన గడువు పట్టుకుని పోట్లాడగల మొనగాడు ఇంతవరకు పుట్టలేదు.

చిక్కల్లా కిటికీతో వచ్చింది. ఇంటి ముందుగదిలో దుకాణం; దానికున్నది ఒక్కటే కిటికీ. నల్లబట్ట మీద నల్లదారం ఆయన కళ్లకు ఆనేది ఆ వెలుతురులోనే. దుకాణంలో సగం వాటా ఉన్న బావమరిది కన్ను ఆ మూల మీద పడింది.

"ఫోన్లు బాగుచేసే అతను చోటడుగుతున్నాడు. కిటికీ దగ్గర ఇచ్చేద్దాం, సరేనా బావా?"

మాస్టారు వద్దన్నారు. అనగా, వద్దని గొణిగారు. ఆ ఇంట గొణుగుడును అంగీకారంగా స్వీకరించే ఆచారముంది.

"మా బావ బంగారం!" అంటూ బావమరిది బయల్దేరాడు.

ఆ మధ్యాహ్నమే ఇల్లాలు శిక్షణ ప్రారంభించింది. సూదులు లాక్కుని, దూది కుక్కిన గుడ్డ ఒకటి ఆయన మణికట్టుకు కట్టి అందులో గుచ్చింది. తాను పెరట్లో బట్టలుతుకుతూ, ముందుగదిలోని భర్తను కేకేసింది.

"ఊఁ, 'ఇవ్వను' అనండి."

ఆయన అన్నారు.

"గోడకు చెప్పుకుంటున్నారా? నాకు చెప్పండి."

"ఇవ్వను."

"నలిగిపోయింది. మళ్లీ."

"ఇవ్వను!"

పక్కింటి ముసలమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏం అడిగావే తల్లీ, అంత గట్టిగా కాదంటున్నాడు?"

శిక్షణ ముగిసినట్టు ఇల్లాలు ప్రకటించింది.

మర్నాడు బావమరిది మెకానిక్కునూ, అతని బల్లనూ వెంటబెట్టుకొచ్చాడు. మాస్టారు లేచి నిలబడి, కుండ బద్దలు కొట్టినట్టు అన్నారు:

"ఈ కిటికీ నాకు కావాలి. ఇవ్వను."

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

"అక్కా!" బావమరిది లోపలికి పరుగెత్తాడు. "బావకేదో అయింది. మాట్లాడుతున్నాడు!"

"నువ్వడిగావు, ఆయన చెప్పారు."

"ఆ ముక్క నిన్ననే అనొచ్చుగా!"

"అన్నాన్రా," అన్నారు మాస్టారు. "నువ్వే సంతోషంగా వెళ్లిపోయావు."

బల్ల లోపలి మూలన, బల్బు కిందికి చేరింది. తనకు దీపముంటే చాలని, ఎండ పడితే ఫోను అద్దం మీద ఏమీ కనపడదని మెకానిక్కు చెప్పాడు. అతణ్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.