జంగమ్మ ఎత్తిన గొర్రెపిల్ల

చివ్వెంల చుట్టుపక్కల గొర్రెలు కాసేవాళ్లలో జంగమ్మను ఎరగనివాళ్లు తక్కువ. నలభై ఏళ్లుగా మందతోనే ఆమెకు తెల్లవారేది, మందతోనే పొద్దుగూకేది. భర్త బిక్షమయ్య ముందు నడిస్తే ఆమె వెనక నడిచేది. వాగు దాటలేని పిల్ల కనిపిస్తే ఒకదాన్ని చంకన పెట్టుకుని, ఇంకొకదాన్ని భుజాన వేసుకుని, మాట్లాడుతూనే ఆవలి ఒడ్డుకు చేరేది. అలాంటి మనిషికి అరవై రెండో ఏట, వానాకాలం మధ్యలో చికున్‌గున్యా జ్వరం వచ్చింది.

జ్వరం వారంలో పోయింది. కీళ్ల నొప్పులు మాత్రం నెలన్నర మంచాన పడేశాయి. నొప్పులు తగ్గాక ఒక పొద్దున మంచం దిగి రెండడుగులు వేసిందో లేదో, తొడలు వణికి మళ్లీ మంచం మీదే కూలబడింది. చీర కాస్త పైకి జరిపి చూసుకుంటే పిక్కల దగ్గర చర్మం వదులుగా వేలాడుతోంది.

"గివి నా కాళ్లేనా?" అంది, ఎవరినో అడిగినట్టు.

ఆనాటి నుంచి నేల మీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, లేదా ఎవరైనా చెయ్యి అందించాలి. బిక్షమయ్య ఒక్కడే మందను తోలుకుపోతుంటే, జంగమ్మ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వెళ్లేవాటిని లెక్కపెట్టి, వచ్చాక మళ్లీ లెక్కపెట్టేది. ఆ రెండు లెక్కల మధ్య పగలంతా ఆమెకు చేయడానికి ఏమీ ఉండేది కాదు.

కొడుకు మధుసూదన్ మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో సూపర్‌వైజరు. ఒక ఆదివారం వస్తూ ఒక డబ్బా తెచ్చాడు. దాని మీద చొక్కా లేని ఒక యువకుడు, చేతులు మడిచి కండలు చూపిస్తున్నాడు. పక్కనే ఒక మొక్క బొమ్మ ఉంది.

"అశ్వగంధ గోలీలమ్మా. మా మిల్లుల లోడింగు చేసేటోళ్లు వాడుతున్నరు. కండ వడ్తదట. పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి."

జంగమ్మ ఆశపడింది. గోలీ లోపల తన పని తాను చేసుకుంటుంటే మనిషి కదిలితే పాడవుతుందని తనకు తానే తీర్మానించుకుంది. ఇరవై రోజులు బుద్ధిగా గోలీలు మింగింది, అంతకన్నా బుద్ధిగా మంచం మీద పడుకుంది. ఇరవై ఒకటో రోజు లేవబోతే మునుపటికన్నా కష్టమైంది.

బిక్షమయ్య డబ్బా చేతిలోకి తీసుకుని బొమ్మను చాలాసేపు చూశాడు.

"ఈ పిలగాడు కూడ మంచంల పండుకునే గిట్లైండంటవా?"

జంగమ్మకు కోపం రావలసింది. నవ్వొచ్చింది.

కూతురు ప్రశాంతి కోదాడలో టీచరు. రెండు రోజులు సెలవు దొరికి వచ్చినప్పుడు, తల్లి గోడ పట్టుకుని మోకాళ్ల మీద పాకుతూ లేవడం కళ్లారా చూసింది. మర్నాడు పొద్దున్నే తల్లిని, ఆ డబ్బాను, ఇంట్లో ఉన్న మందు చీటీలన్నిటినీ ఆటో ఎక్కించి సూర్యాపేటలో ఆయుర్వేద డాక్టరు ఉమారాణి దగ్గరకు తీసుకెళ్లింది.

డాక్టరు డబ్బాను తిప్పి వెనక వైపు చదివింది.

"ఇవి కాక ఇంకేమన్నా వేసుకుంటున్నారా?"

"థైరాయిడ్ గోలీ ఉంది మేడం, ఆరేండ్ల సంది. దానికీ దీనికీ ఏం సంబంధం?" అంది జంగమ్మ.

"ఉందమ్మా. ఇది వాడితే కొందరిలో థైరాయిడ్ లెక్క మారుతుంది. ముందు ఇవి ఆపండి. రక్తపరీక్ష చేయిద్దాం, ఆ రిపోర్టు చూశాకే మిగతాది. ఇప్పుడు చేతులు ఆనించకుండా ఆ కుర్చీలోంచి లేవండి చూద్దాం."

జంగమ్మ లేచింది, కూర్చుంది. రెండోసారి లేచేసరికి మొహం ఎర్రబడింది. మూడోసారి సగం లేచి ధబ్బున కూలబడింది.

"కండ కరిగిపోయింది మేడం," అంది తలవంచుకుని.

"పని లేక చిక్కిపోయింది. పని చెప్తే మళ్లీ వస్తుంది. ఏ చూర్ణమైనా మీ బదులు లేచి కూర్చోదు కదా. రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవాలి, మూడుతో మొదలుపెట్టి పదికి పోవాలి. ఏదన్నా చిన్న బరువు ఎత్తాలి, వారం వారం కొంచెం పెంచాలి. గుడ్డు, పప్పు, పాలు మానొద్దు."

జంగమ్మ చూపు డబ్బా మీది మొక్క మీద పడింది. "గిది పెన్నేరు చెట్టే కద. మా బాయి గెట్టు మీద బోలెడుంది."

"ఉంటే ఉండనీయండి. పీకి ఉడకేసుకుని మాత్రం తాగొద్దు. ఏది ఎంతో నేను చెప్తాను," అంది డాక్టరు.

రిపోర్టు బాగానే వచ్చింది. రాత్రిపూట పాలల్లో అర చెంచా అశ్వగంధ చూర్ణం, రెండు నెలలకు మళ్లీ పరీక్ష అని ఉమారాణి రాసిచ్చింది. మొదటి రాత్రి ఆ పాలు తాగి జంగమ్మ ముక్కు మూసుకుంది.

"గుర్రం బలం వస్తదో రాదో గని, వాసనైతే వచ్చింది."

కుర్చీ పని ఆమెకు ఇబ్బంది అనిపించలేదు. బరువు దగ్గరే చిక్కొచ్చింది. ప్రశాంతి రెండు సీసాల్లో నీళ్లు నింపిచ్చి వెళ్లింది. వాకిట్లో నిలబడి వాటిని పైకీ కిందికీ ఆడిస్తుంటే పక్కింటి ముత్తమ్మ గోడ మీదుగా చూసి, "నీళ్లు ఎవలికి సూపెడుతున్నవే?" అని అడిగింది. జంగమ్మ సిగ్గుపడి సీసాలు లోపల పెట్టేసింది. ఏ పనీ సాగకుండా బరువు ఎత్తడం ఆమెకు ఎంతకీ ఒంటబట్టలేదు.

చలికాలం మొదట్లో ఒక గొర్రె రెండు పిల్లల్ని ఈనింది. ఒకటి గట్టిది, రెండోది బక్కది. తల్లి బక్కదాన్ని దగ్గరకు రానివ్వలేదు. దానికి పాలు పట్టే పని కుర్చీలో ఉన్న మనిషికే వచ్చింది. పూటకు రెండుసార్లు దాన్ని ఒళ్లోకి ఎత్తుకోవాలి, పాలు పట్టాలి, దించాలి. మూడో రోజు జంగమ్మకు ఒక ఆలోచన తట్టింది. బిక్షమయ్యతో కాంటా తెప్పించి పిల్లను తూయించింది. రెండు కిలోల ఎనిమిది వందలు.

"సీసాల కన్న ఇదే నయం. వారం వారం నేను పెంచే పని లేదు, అదే పెరుగుతది," అంది.

ఆ పొద్దు నుంచి పాలు పట్టే ముందు పిల్లను పదిసార్లు ఎత్తి దించేది. మొదట్లో పిల్లకు అది అర్థం కాలేదు. తర్వాత పాలకు ముందు ఇంత తతంగం ఉంటుందని నేర్చుకుని, గాల్లో కాళ్లు వేలాడదీసి ఓపిగ్గా ఉండేది. వారానికోసారి కాంటా. మూడున్నర, నాలుగు, ఐదు. బిక్షమయ్య తూస్తూ, "నువ్వు దాన్ని సాదుతున్నవా, అది నిన్ను సాదుతున్నదా?" అనేవాడు.

ఏడు కిలోల దగ్గర దెబ్బ తగిలింది. ఒక పొద్దున మోకాళ్లు వంచకుండా, నడుం వంచి ఒక్క ఊపున ఎత్తింది. నడుం పట్టేసింది. మళ్లీ ఆరు రోజులు మంచం. ఇగ ఇంతేనేమో అనుకుని ఆ ఆరు రోజులూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ప్రశాంతి ఫోన్లో డాక్టరును కలిపింది.

"అంత బరువు ఏం ఎత్తారమ్మా?"

జంగమ్మ చెప్పింది. అటువైపు ఆపుకోలేని నవ్వు. నవ్వు తగ్గాక ఉమారాణి గట్టిగానే మందలించింది. నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగాలి, తర్వాత పిల్లను ఒంటికి దగ్గరగా పట్టుకుని మోకాళ్లు వంచి లేవాలి, అది తన్నుకుంటే వదిలేయాలి.

రెండు నెలల పరీక్ష సూర్యాపేటలో జరిగింది. థైరాయిడ్ లెక్క మారలేదు. కుర్చీలోంచి ఆపకుండా పన్నెండుసార్లు లేచింది. పాలల్లో చూర్ణం వల్లనా, గుడ్డు పప్పు వల్లనా, పిల్ల వల్లనా అని ప్రశాంతి అడిగితే డాక్టరు నిజాయితీగా చెప్పింది. "ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేను. ఒకటి మానేయమంటే మాత్రం చూర్ణాన్నే మానేయమంటాను, పిల్లను కాదు."

పిల్ల పదకొండు కిలోలు దాటాక అదే మానేసింది. ఎత్తబోతే పరుగెత్తి మందలో కలిసిపోయేది. అప్పటికి జంగమ్మ కూడా మంద వెనక మెట్ట చెలకల దాకా నడుస్తోంది.

ఎండలు ముదరకముందే ఊళ్లో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించే రోజు వచ్చింది. పశువుల దవాఖానవాళ్లు సీసాలతో వచ్చారు. ఒక్కో గొర్రెను పట్టుకుని, రెండు తొడల మధ్య బిగించి, దవడ తెరిచి పట్టుకుంటే వాళ్లు మందు పోస్తారు. ఏటా అది జంగమ్మ పనే. ఈసారి బిక్షమయ్య పక్కింటాయనను పిలిచి ఉంచాడు. జంగమ్మ కొంగు నడుముకు చెక్కి దొడ్డిలోకి వెళ్లి మొదటి గొర్రెను మెడ దగ్గర ఒడిసిపట్టింది. అది గింజుకుంది. ఆమె తొడలు కదలలేదు.

"పెద్దమ్మా, వేరేవాళ్లను పట్టమనరాదూ," అన్నాడు మందు పోసే కుర్రాడు.

"నువ్వు మందు పొయ్యి బిడ్డా. దీని నోరు నేను మూయనియ్య."

ముప్పై ఏడు గొర్రెలు పట్టింది. మధ్యలో రెండుసార్లు కూర్చుని నీళ్లు తాగింది. ముప్పై ఎనిమిదోది గొర్రెపోతు, పెద్దది, మొండిది. దాన్ని కాసేపు ఎగాదిగా చూసి, చేతులు దులుపుకుని భర్త వైపు తిరిగింది.

"గిది నువ్వు వట్టు. అన్నీ నేనే వడ్తె నీ కాళ్లు చిక్కుతయి."