తుపాకికి సొమ్ములు పెట్టని సుబేదార్ సాబ్

శనివారం ఉదయం నేను వెళ్లేసరికి మస్కట్ నగరంలో వాడి కబీర్ అనే పేట‌లోని మా వర్క్‌షాపు షట్టరు మూసే ఉంది. నాకంటే ముందే వచ్చి, బల్ల తుడిచి, టీకి నీళ్లు పెట్టి ఉండవలసిన మనిషి ఇంకా రాలేదేమని మొదట కొంచెం చిరాకుపడ్డాను కూడా. అంతలో ఆయనతో రూమ్‌లో ఉండే హన్మాండ్లు టాక్సీ దిగి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా నా వైపు నడిచి వచ్చాడు.

"రాజన్నా, సార్ లేస్తలేడు. డాక్టరొచ్చి చూసిండు. నిద్రలనే పానం పోయిందన్నడు."

ఆ మాట చెవిన పడింది గాని బుద్ధి దానిని అంగీకరించలేదు. తాళంచెవి నా జేబులోనే ఉన్నా షట్టరు ఎత్తడానికి చేతులు రాలేదు. గురువారం సాయంత్రం నాతో గొడవపడి, ఒక స్క్రూ విషయంలో నన్ను నానా మాటలూ అని, ఆ వెంటనే నా పిల్లలకని ఖర్జూరం పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లిన మనిషి ఇక లేరన్న సత్యం ఈ వాక్యం రాస్తున్న క్షణంలో కూడా నాకు పూర్తిగా మింగుడుపడలేదు.

సుబేదార్ బండారి ఎల్లయ్యగారు భారత సైన్యంలో ఆయుధాల మరమ్మతులో జీవితంలో సగం గడిపి పదవీ విరమణ చేసినవారు. స్వగ్రామం మెట్‌పల్లి దగ్గర. ఎనభైల చివర్లో మస్కట్ వచ్చి అర్బాబ్ హమూద్‌గారి వర్క్‌షాపులో చేరారు. అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని. ఇక్కడివారు పెళ్లిళ్లలో, పండుగల్లో భుజాన వేసుకునే పాత తుపాకులను బాగుచేయడం, గురి పోటీలకు వెళ్లేవారికి రైఫిళ్లు కూర్చి ఇవ్వడం ప్రభుత్వ అనుమతితో మేము చేసే పని. తణుకు నుంచి డిప్లమా పట్టుకొని వచ్చిన నేను ఆయనకు సహాయకుణ్ణి, క్రమంగా శిష్యుణ్ణి అయ్యాను. దార్సైట్ పేటలోని కృష్ణుడి గుడికి వెళ్లినప్పుడు మనవాళ్లెవరైనా "ఏ సైటుల చేస్తరు పెద్దమనిషీ?" అని అడిగితే, "నేను సైటుల చెయ్య బిడ్డా, సైట్లే చేస్త" అనేవారు. తుపాకి మీద గురి చూడడానికి అమర్చే భాగాన్ని కూడా సైటనే అంటారని వాళ్లకు విడమరిచి చెప్పే ఓపిక మాత్రం ఆయనకు ఉండేది కాదు.

ఆయన క్షిప్రకోపి. ఒకసారి చెప్పినది రెండోసారి చెప్పేవారు కాదు. ఎంత పెద్దవాడైనా సరే, తుపాకి గొట్టాన్ని మనిషి వైపు తిప్పితే వెంటనే లాక్కొని లోపల పెట్టేసేవారు. "గురి తప్పితే మల్ల కొట్టొచ్చు. దిక్కు తప్పితే ఏం జేస్తవ్?" అన్నది ఆయన నోట నేను విన్న తొలి పాఠం. బల్ల మీద అరబ్బీలో, ఉర్దూలో ఆ వాక్యాన్నే రాయించి పెట్టుకున్నారు. ఎదుటివాడు చదివేదాకా మాట్లాడేవారు కాదు.

మొదటిసారి రైఫిల్ కూర్పించుకోవడానికి వచ్చినవాడిని ఆయన పరీక్షించే విధానమే వేరు. ఖాళీ తుపాకి చేతికిచ్చి, గోడ వైపు నిలబెట్టి, కళ్లు మూసుకొని భుజానికి ఎత్తమనేవారు. "ఇప్పుడు కండ్లు తెరువ్. ఏం గనబడుతుంది?" అని అడిగేవారు. తల వంచకుండా, మెడ సాచకుండా, తెరిచిన కంటికి ఎదురుగా సైటు రావాలి. రాకపోతే భుజానికి ఆనే చెక్క భాగాన్ని చెక్కడమో, రబ్బరు దిండు పెట్టి పొడవు పెంచడమో చేయాలే తప్ప, మనిషి మెడను తుపాకి కోసం వంచకూడదని ఆయన సిద్ధాంతం. "అంగీ ఒంటికి కుట్టాలె, ఒంటిని అంగీకి కాదు" అనేవారు.

ఆయన తుపాకి మీద బిగించే దుర్బిణికి విరోధి అని కొందరు అనుకున్నారు. అది నిజం కాదు. సూర్ రేవు నుంచి ఒక వృద్ధ ఉపాధ్యాయుడు వచ్చి, తనకు తెరచాప తప్ప తెరచాప కట్టిన కొయ్య కనిపించడం లేదని చెప్పుకొన్నప్పుడు, దుర్బిణి సైటును తానే ఎంచి, ఆయన కళ్లద్దాలకు తగిన దూరంలో ఎంతో శ్రద్ధతో అమర్చి ఇచ్చారు. "కండ్లు ముసలివైనోనికి దుర్బిణి మందు. పడుసోనికి సోకు" అన్నారు నాతో. ఆ సోకు కారణంగానే ఒకనాడు ఆయన ఉద్యోగమూ, ఇంకొంచెంలో నా ప్రాణమూ పోవలసింది. ఆ సంగతి లోకానికి తెలియదు. తెలియడం ధర్మమని ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో సైఫ్ అనే యువకుడు ఖబూరా నుంచి వచ్చాడు. అర్బాబ్ హమూద్‌గారి చెల్లెలి కొడుకు, సముద్రతీరంలో ఖర్జూర తోట ఉన్నవాడు. గురి పోటీలో మొదటిసారి నిలబడాలని అతని ఉత్సాహం. తాతగారి పాత సైనిక రైఫిల్‌ను ఆధారం చేసుకొని దానికి కొత్త గొట్టం, కొత్త చెక్క అమర్చి ఇవ్వాలి. ఆ పని నాకు అప్పగించారు. నేను స్వయంగా కూర్చిన మొదటి రైఫిల్ అదే. పని ముగింపుకు వచ్చాక సైఫ్ ఒక రంగుల క్యాటలాగు తెచ్చి బల్ల మీద పరిచాడు. అన్నింటికంటే పెద్ద దుర్బిణి, ముందు వైపు మడిచే కాళ్లు, చెంపకు ఎత్తు దిండు, మెరిసే పటకా, అన్నీ కావాలన్నాడు.

మా అందరి మధ్యా నడిచే హిందీలోనే సుబేదార్ సాబ్ అడిగారు. "ఎంత దూరం కొడతావు? పడుకొనా, నిలబడా?"

"పోటీ దూరమే. పడుకొని."

"కళ్లు బాగున్నాయా?"

"సముద్రంలో పడవ పేరు చదువుతాను."

"అయితే వెనక చిన్న రంధ్రమున్న ఇనుప సైటు, ముందు గొట్టం చివర గొడుగులాంటి కప్పు కింద సన్నని ముల్లు. ఎడమ చేతికి బిగించుకోవడానికి తోలు పటకా. భుజానికి రబ్బరు దిండు. అంతే. ఒక ఏడాది దీనితో కొట్టు. తర్వాత నీకే తెలుస్తుంది ఏం కావాలో."

సైఫ్ ముఖం ఎర్రబడింది. అతను మేనమామ దగ్గరకు వెళ్లాడు. కొంతసేపటికి అర్బాబ్ వచ్చి, పిల్లవాడు అడిగింది పెట్టమన్నారు. సుబేదార్ సాబ్ రైఫిల్ ఎత్తి చూపించారు. ఆ పెద్ద దుర్బిణి నిలవాలంటే, తూటా పేలే గది పైనున్న పాత ఉక్కులో రంధ్రాలు వేయాలి. ఎన్ని దశాబ్దాలు ఏ మందుగుండు తిన్న ఉక్కో తెలియదు. "ఇక్కడ నేను రంధ్రం వేయను, అర్బాబ్. అది పేలితే సైఫ్ ముఖం దాని వెనకే ఉంటుంది."

"ఇంకో షాపులో వేస్తారు."

"వేస్తారు. నేను వేయను."

అర్బాబ్ మంచివారే, కాని మేనల్లుడి ముందు మాట పోవడం ఆయన సహించలేకపోయారు. చిన్నప్పటి నుంచి ఇనుముతో పనిచేసిన మనిషి. రైఫిల్‌ను తానే తీసుకొని డ్రిల్లు మిషను కింద బిగించారు. మోటారు ఆన్ చేసి పిడి మీద చెయ్యి వేశారు. సుబేదార్ సాబ్ ముందుకు నడిచి తన అరచేతిని ఆ ఉక్కు మీద, తిరుగుతున్న డ్రిల్లు మొనకు సరిగ్గా కింద పరిచారు.

నేను కదలలేకపోయాను. సైఫ్ గోడకు ఆనుకున్నాడు. మొనకూ ఆ చేతి వెనుక నరాలకూ మధ్య బొటనవేలంత ఎడం ఉంది. అర్బాబ్ ఆయన ముఖంలోకి చూశారు, ఆయన అర్బాబ్ ముఖంలోకి చూశారు. ఆ చూపులో ధిక్కారం లేదు, ప్రార్థనా లేదు. చివరకు అర్బాబ్ పిడి వదిలి స్విచ్ ఆపేశారు.

"రేపు అతను నువ్వు చెప్పిన సైటుతోనే కొడతాడు. సరిగ్గా పడకపోతే నీ పాస్‌పోర్టు నా దగ్గర తీసుకొని మీ దేశం వెళ్లిపో. ఖలాస్."

"మంచిది" అన్నారు సుబేదార్ సాబ్. ఆ సాయంత్రం రూమ్‌కు వెళ్లి నిజంగానే పెట్టె సర్దుకున్నారట. హన్మాండ్లు నిన్న చెబితేనే తెలిసింది.

మరునాడు ప్రొద్దునే కొండల వెనకనున్న, అనుమతి పొందిన గురిస్థలానికి వెళ్లాము. వర్షమొస్తే తప్ప నీరుండని వాగు అది, అంతా గులకరాళ్లు. సైఫ్ చాప మీద బోర్లా పడుకున్నాడు. సుబేదార్ సాబ్ అతని ఎడమ పక్క మోకాళ్ల మీద కూర్చున్నారు. అర్బాబ్, నేను వెనక నిలబడ్డాము. సుబేదార్ సాబ్ ఇచ్చిన కొత్త తూటాలు డబ్బాలోనే ఉన్నాయి. పట్టుదల కొద్దీ సైఫ్ ఎవరికీ చెప్పకుండా తన జేబులోంచి తాతగారి కాలపు తూటా తీసి లోపల పెట్టుకున్నాడు.

మీట నొక్కాడు. టక్కుమన్న చిన్న చప్పుడు. ఏమీ పేలలేదు.

"చూశారా మామా" అంటూ సైఫ్ రైఫిల్‌తో సహా మా వైపు తిరిగాడు. గొట్టం చివరనున్న నల్లని గుండ్రం నా కళ్లకు నేరుగా వచ్చి ఆగడం నాకు ఈనాటికీ స్పష్టంగా గుర్తుంది. దాని వెనక సైఫ్ నవ్వబోతున్న ముఖం. అదే క్షణంలో సుబేదార్ సాబ్ తన ఒళ్లంతా ఆ గొట్టం మీద వేసి నేలకు అదిమారు. అప్పుడు పేలింది.

పాత మందు నెమ్మదిగా అంటుకొని ఆలస్యంగా పేలుతుందని నాకు పుస్తకాల్లో తెలుసు. ఆయన సైన్యంలో కళ్లారా చూసినవారు. గులకరాళ్లు చిట్లి ఆయన చెంప చీల్చాయి. గొట్టం చివర ఆయన ఎడమ చెవికి ఆనుకునే ఉంది. దుమ్ము తగ్గాక చూస్తే ఆయన రైఫిల్‌ను రెండు చేతులతో వాగు నేల వైపుకే పట్టి ఉంచారు. చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి దిగుతోంది.

అర్బాబ్ "యా అల్లాహ్" అని కూర్చుండిపోయారు. సైఫ్ లేచి వెళ్లిపోబోయాడు. సుబేదార్ సాబ్ అతని భుజం పట్టుకున్నారు. కోపిష్టి అని పేరుపడ్డ ఆ మనిషి గొంతులో ఆ వేళ కోపం లేశమైనా లేదు.

"పడుకో. ఇప్పుడు లేచిపోతే మళ్లీ ఎప్పుడూ పడుకోలేవు."

జేబులోని పాత తూటాలన్నీ తీయించి నాకిచ్చారు. రైఫిల్ విప్పి, గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి లోపల చూశారు, వేలితో ఉక్కంతా తడిమారు. అప్పుడు తన డబ్బాలోని తూటా ఒకటి స్వయంగా పెట్టి, పటకాను సైఫ్ ఎడమ మోచేతికి చుట్టి బిగించారు. "ముల్లును చూడు. గురి కాగితాన్ని చూడకు. ఊపిరి సగం వదులు." నెత్తురు చాప మీద పడుతుండగానే ఆ పాఠం జరిగింది. సైఫ్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కాగితం తెచ్చి చూస్తే గుర్తులు ఒక అరచేతి కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. అతను దానిని చూడలేదు. రైఫిల్ చెక్క మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణంలో అర్బాబ్ అన్నారు. "నీ పాస్‌పోర్టు నా దగ్గరే ఉండనీ."

"ముందు దవాఖానాకు పోనివ్వండి అర్బాబ్" అన్నారు సుబేదార్ సాబ్.

ఎడమ చెవి వినికిడి ఆయనకు తిరిగి రాలేదు. ఆ తర్వాత జరిగిన పోటీలో సైఫ్ గెలవలేదు కూడా. మధ్యలో ఎక్కడో నిలిచాడు. అయినా ఏడాది గడిచాక దుర్బిణి కావాలా అని సుబేదార్ సాబ్ తానే అడిగితే, వద్దన్నాడు. ఆ ప్రమాదం గురించి ఆయన ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. "పడుసు పోరడు. పేరు పాడైతది" అన్నారు ఒకసారి. ఇది ప్రచురించవచ్చా అని నేను సైఫ్‌నే అడిగాను. "నా పేరుతోనే రాయి" అన్నాడతను.

ఇంతటి విద్య ఉన్నవారు ఈ దేశంలో మరొకరు ఉండవచ్చు. తన విద్యకు కాపుగా తన అరచేతినీ, ఇతరుల ప్రాణానికి కాపుగా తన దేహాన్నీ పెట్టగల ఆచార్యుడు నాకు మరొకరు దొరకరు. ఆయన బల్ల దగ్గర నిలబడి పని చేయవలసినది ఇక నేనే అన్న తలంపు నన్ను గౌరవంతో కాదు, భయంతో నింపుతోంది. ఆ మహనీయుని పాదాలకు శిరసు వంచి నమస్కరించడం తప్ప నాకు చేతనైనది లేదు.

నిన్న మధ్యాహ్నం విమానాశ్రయంలో సామాన్లు పంపే షెడ్డు దగ్గర ఊరికి పంపవలసిన ఆయన దేహమున్న పెట్టె కోసం ఎదురుచూశాము. కాగితాల పనంతా అర్బాబ్ స్వయంగా దగ్గరుండి చేయించారు. ఖబూరా నుంచి సైఫ్ వచ్చాడు. ఇప్పుడతనికి గడ్డం నెరుస్తోంది. పెట్టె తోపుడు బండి మీదికి ఎక్కించాక నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు.

"మీ భాషలో పెద్దవాళ్లను సాగనంపేటప్పుడు ఏమంటారు?"

మనం ఎవరు బయలుదేరినా అనే మాట ఒకటే ఉంది. ఈ ప్రయాణానికి ఆ మాట చెల్లదని నాకు తెలుసు. మరొకటి తోచక అదే చెప్పాను. సైఫ్ దానిని రెండుసార్లు నోట్లో పలికి చూసుకొని, వెళ్లి పెట్టె మీద చెయ్యి ఉంచాడు.

"పోయి రండి, ఉస్తాద్" అన్నాడు.

దిద్దాలనిపించలేదు. నేనూ అదే మాట అన్నాను.